సంబంధానికి ఒక పేరు పెట్టండి

ఓఆర్‌ఎమ్ నేర్పే ఏ పుస్తకం తీసినా మెనీ-టు-మెనీ దగ్గరికొచ్చేసరికి ఒకటే ఉదాహరణ. విద్యార్థులు, కోర్సులు. ఒక విద్యార్థి చాలా కోర్సులు చదువుతాడు, ఒక కోర్సులో చాలామంది విద్యార్థులుంటారు. రెండు క్లాసులు రాయండి, ఇటొక లిస్టు, అటొక లిస్టు, పైన ఒక అనొటేషన్. అయిపోయింది, టీ తాగి రండి అన్నట్టు ఉంటుంది ఆ పాఠం.

నాకు ఈ ఉదాహరణ అంటే ఒళ్ళు మంట. ఇంజనీరింగ్ చదివిన మనలో ఎంతమందికి కోర్సుతో సంబంధం అంత సాఫీగా నడిచింది చెప్పండి? ఏ సెమిస్టర్లో రాశాం, ఎన్ని మార్కులొచ్చాయి, ఎన్నోసారికి గట్టెక్కాం... ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? విద్యార్థి టేబుల్లో పెడితే ఏ కోర్సు తాలూకు మార్కులో తెలీదు. కోర్సు టేబుల్లో పెడితే ఎవరివో తెలీదు. అవి ఆ ఇద్దరిలో ఎవరి సొత్తూ కావు, ఇద్దరి మధ్య జరిగిన వ్యవహారం తాలూకువి. ఆ వ్యవహారానికేమో మనం పేరు కూడా పెట్టలేదు.

మనవాళ్ళు పెళ్ళిసంబంధం కుదిరిందంటే ఎంత హడావుడి చేస్తారు! ముహూర్తం రాయిస్తారు, శుభలేఖ వేయిస్తారు, సాక్షుల్ని కూర్చోబెడతారు. అదే డేటాబేసులో సంబంధం అనేసరికి రెండు ఐడీలు పక్కపక్కన పడేసి చేతులు దులుపుకుంటాం. నేను చెప్పదలచుకున్నదల్లా ఇంతే: మెనీ-టు-మెనీ అని మీకు అనిపించిన ప్రతిచోటా మూడో వస్తువు ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగి పేరు పెట్టండి. చాలాసార్లు అసలు వ్యాపారం, అసలు డబ్బు, అసలు తగాదా ఉండేది ఆ మూడోదానిలోనే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1970లో కాడ్ రిలేషనల్ మోడల్ గురించి రాసినప్పటినుంచీ ఇప్పటిదాకా డేటాబేసులో మెనీ-టు-మెనీ అనేది విడిగా లేదు. ఉన్నవి టేబుళ్ళు, వాటిలో వరసలు. రెండు టేబుళ్ళను అటూ ఇటూ కలపాలంటే మధ్యలో మూడో టేబుల్ పెట్టాల్సిందే. 1976లో పీటర్ చెన్ ఈఆర్ మోడల్ ప్రతిపాదించినప్పుడు సంబంధానికి కూడా సొంత లక్షణాలు ఉండొచ్చని స్పష్టంగానే చెప్పాడు. మనం సెకండియర్లో బొమ్మలు వేసినప్పుడు డైమండు గీసి, దానికి పక్కన గుడ్లలాంటి గుండ్రాలు తగిలించామే, అవే. పరీక్ష రాసి మర్చిపోయాం.

ఓఆర్‌ఎమ్ వచ్చి ఆ మూడో టేబుల్‌ని మన కంటికి కనపడకుండా దాచింది. హైబర్నేట్‌లో ఒక అనొటేషన్, రైల్స్‌లో ఒక లైను, జాంగోలో ఒక ఫీల్డు. సౌకర్యమే, కాదనను. కానీ ఈ టూళ్ళు రాసినవాళ్ళకే కొన్నాళ్ళకి తత్వం బోధపడింది. రైల్స్ 2006లో 1.1 వెర్షన్‌తో మధ్య టేబుల్‌ని ఒక మోడల్‌గా రాసుకునే పద్ధతి తెచ్చింది. జాంగో 2008లో 1.0తో అదే పని చేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ అయితే తిరగేసి నడిచింది. 2016లో మొదలైనప్పుడు మధ్య క్లాసు రాయకపోతే మెనీ-టు-మెనీ ఒప్పుకునేదే కాదు. జనం గోల పెట్టగా పెట్టగా 2020లో 5.0 వెర్షన్‌లో దాన్ని దాచే సౌకర్యం ఇచ్చారు. నన్నడిగితే ఆ మొదటి నాలుగేళ్ళూ వాళ్ళు మనకు మంచే చేశారు.

సరే, సిద్ధాంతం చాలు. ఈ సంగతి నాకు పుస్తకాలకంటే మా ఊరి పోర్టు వల్లే బాగా అర్థమైంది. మాది విశాఖపట్నం.

విశాఖ పోర్టు 1933లో మొదలైంది, అవుటర్ హార్బరు 1976లో వచ్చింది. ఓడ ఎప్పుడొస్తుందో, ఎంత సరుకు తెస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం. ఒకరోజు నాలుగు ఓడలు, ఇంకోరోజు ఒక్కటీ ఉండదు. అందుకే ప్రపంచంలో ఏ రేవులో చూసినా పాత పద్ధతి ఒకటే. పొద్దున్నే గేటు దగ్గర వందలమంది గుమిగూడతారు, మేస్త్రీ వచ్చి నువ్వు, నువ్వు అని వేలు చూపిస్తాడు, మిగతావాళ్ళు ఇంటికి పోతారు. 1889లో లండన్ డాకు కార్మికులు చేసిన పెద్ద సమ్మెకి ఈ పద్ధతీ ఒక కారణమే. మన దేశంలో 1931లో విట్లీ కమిషన్ రేవు పనిని ఇలా రోజువారీ లాటరీగా ఉంచొద్దని చెప్పింది. 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చింది. దాని కింద విశాఖపట్నానికి 1959లో విడిగా స్కీము వచ్చింది. డాక్ లేబర్ బోర్డు అని మా ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలిసిన పేరు అదే.

ఇప్పుడు డేటాబేసు కళ్ళతో చూడండి. ఒకవైపు పేర్లు నమోదైన కార్మికులు, మా వైపు కళాసీలంటారు. ఇంకోవైపు ఓడల్లో సరుకు ఎక్కించి దింపే స్టీవ్‌డోర్ కంపెనీలు. ఒక కళాసీ ఈ రోజు ఈ కంపెనీకి, రేపు ఇంకో కంపెనీకి పనిచేస్తాడు. ఒక కంపెనీ షిఫ్టుకొక గ్యాంగుతో పని చేయిస్తుంది. పక్కా మెనీ-టు-మెనీ. ఈ రెండిటి మధ్యా కూర్చుని ఏ షిఫ్టుకి ఎవరు, ఎక్కడికి అని వంతులవారీగా రాసి పంపేది బోర్డు. అంటే ఏంటన్నమాట? ఆ మధ్య టేబుల్ నడపడానికి ప్రభుత్వం ఏకంగా చట్టం చేసి ఒక ఆఫీసు పెట్టింది!

ఆ టేబుల్లో ఉన్న వరస పేరు బుకింగ్. ఆ ఒక్క పేరు పెట్టడంతో ఎన్ని తేలాయో చూడండి. ఈ డాక్ స్కీముల్లో డిసప్పాయింట్‌మెంట్ మనీ అని ఒకటుండేది. బుక్ అయి పనికొచ్చిన పూల్ కార్మికుడికి ఏ కారణం చేతనైనా పని మొదలు కాకపోతే, వేరే పని కూడా చూపించలేక 2 గంటల లోపే పంపించేస్తే, సగం కూలి ఇవ్వాలి. 2 గంటలు దాటి ఆపితే పూర్తి కూలి. ఈ సగం కూలి ఎవరి లక్షణం? కార్మికుడిదా? కాదు, రోజూ రాదు. కంపెనీదా? కాదు. అది ఆ రోజు, ఆ షిఫ్టు, ఆ బుకింగ్ తాలూకు లక్షణం. బుకింగ్ అనే వరస లేకపోతే ఆ డబ్బు పుట్టడానికి చోటే లేదు.

ఇంకోటి కూడా ఉంది, అది ఇంకా తమాషా. కార్మికుడు హాజరయ్యాడు, కానీ ఆ రోజు ఏ ఓడకీ బుక్ కాలేదు. దానికి అటెండెన్స్ అలవెన్స్ అని వేరే ఇచ్చేవారు. అంటే మధ్య టేబుల్లో వరస లేకపోవడానికి కూడా డబ్బుంది. మామూలు మెనీ-టు-మెనీలో వరస లేదంటే లేదంతే. మనిషి వచ్చినా పని దొరకలేదా, అసలు రానేలేదా? ఆ తేడా ఎప్పటికీ తెలీదు. కాబట్టి హాజరు అనేది మళ్ళీ ఇంకో టేబుల్.

మా తాత అక్కడ కళాసీగా చేశారు. నేను ఇంజనీరింగులో ఉండగా మధ్య టేబుల్ అంటే ఏంటో ఆయనకి చెప్పబోతే, ఆయనే నాకు చెప్పారు. "ఒరే బాబూ, వొచ్చినానని రాయడం ఏరు, పనికి పేరు రాయడం ఏరు. రెండూ ఒకే పుస్తకంలో రాసీసినారంటే మరి మన డబ్బులు గోయిందా." నార్మలైజేషన్ గురించి ఇంత సూటిగా మా లెక్చరర్లు ఎవరూ చెప్పలేదు.

1997లో వచ్చిన చట్టంతో ఈ బోర్డుల్ని పోర్టు ట్రస్టుల్లో కలపడానికి వీలైంది, విశాఖ బోర్డు కూడా అలాగే పోర్టులో కలిసిపోయింది. ఆ పోర్టు ట్రస్టు కూడా 2021 చట్టం తర్వాత పోర్టు అథారిటీ అయింది. ఆఫీసులు మారాయి గానీ ఆ లెక్క మాత్రం మారలేదు. ఆ లెక్కే మా ఆఫీసులో మళ్ళీ ఎదురైంది.

మాకు ఒక క్లయింటు ఉండేవాడు. గోడౌన్లకి లోడింగు మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ, పేరు అనవసరం. వాళ్ళ వెబ్ అప్లికేషన్ అప్పటికే రెండేళ్ళుగా నడుస్తోంది, ముందు టీమ్ రాసి వెళ్ళిపోయారు, మెయింటెనెన్స్ మాకొచ్చింది. అందులో షిఫ్టు అనే క్లాసు, వర్కర్ అనే క్లాసు, మధ్యలో మెనీ-టు-మెనీ లిస్టు. స్క్రీను మీద 40 పేర్లు, పక్కన టిక్కులు. సూపర్‌వైజరు టిక్ పెడితే ఉన్నట్టు, తీసేస్తే లేనట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఒకరోజు ఒక వర్కరు గొడవకి దిగాడు. పొద్దున 6కి వచ్చానని, వాన వల్ల లోడింగు మొదలు కాలేదని, 8కి ఇంటికి పొమ్మన్నారని, వాళ్ళ ఒప్పందం ప్రకారం సగం రోజు కూలి రావాలని. సూపర్‌వైజరు సిస్టమ్ తెరిచి చూపించాడు, ఆ షిఫ్టులో అతని పేరే లేదు. "సిస్టమ్‌లో లేదు" అంటే ఇక దేవుడు కూడా ఏం చేయలేడు కదా. పైగా మిగిలిన 39 మంది బుకింగ్ టైము చూస్తే అందరిదీ 11:20. పొద్దున ఆరింటి షిఫ్టుకి అందరూ 11:20కి బుక్ అయ్యారట!

ఏం జరిగిందో చెప్తాను, ఇది హైబర్నేట్ వాడేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మెనీ-టు-మెనీకి లిస్టు వాడి, దానికి వరస క్రమం చెప్పే కాలమ్ ఇవ్వకపోతే, హైబర్నేట్ దాన్ని బ్యాగ్ అనుకుంటుంది. అంటే సంచి. సంచిలో ఏ వస్తువు ఏదో దానికి తెలీదు. అందులోంచి ఒక్కటి తీసేయమంటే ఏం చేస్తుందంటే, ఆ షిఫ్టు తాలూకు వరసలన్నీ డిలీట్ చేసి, మిగిలినవన్నీ మళ్ళీ ఇన్‌సర్ట్ చేస్తుంది. ఒక్క టిక్ తీస్తే 40 వరసలు పోయి 39 కొత్తవి వచ్చాయి. టైము కాలమ్‌కేమో డేటాబేసు డిఫాల్టు విలువ, ఇన్‌సర్ట్ అయిన క్షణం. 11:20కి సూపర్‌వైజరు ఆ ఒక్కడి టిక్ తీశాడన్నమాట. లిస్టు బదులు సెట్ వాడితే ఒక్క వరసే డిలీట్ అయ్యేది, మిగిలినవాళ్ళ టైము బతికేది. కానీ ఆ ఒక్కడి కూలికి అప్పటికీ చోటు లేదు. సాక్ష్యం దొరికింది చివరికి ఎక్కడనుకున్నారు? గేటు దగ్గర వాచ్‌మన్ చేత్తో రాసిన రిజిస్టరులో. ఇన్ 5:55, అవుట్ 8:05. మా తాత చెప్పిన రెండో పుస్తకం.

దీన్ని మార్చి రాద్దామంటే టీమ్‌లో చర్చ. మధ్య టేబుల్‌కి ఎంటిటీ, రిపాజిటరీ, ఇంకో నాలుగు క్లాసులు, ఇదంతా ఓవర్ ఇంజనీరింగ్ కాదా అన్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. పాటలకి ట్యాగులు, వ్యాసాలకి వర్గాలు, ఇలాంటివాటికి మామూలు మెనీ-టు-మెనీ నిక్షేపంలా సరిపోతుంది. ట్యాగు ఎప్పుడు పెట్టారో, ఎవరు తీశారో ఎవడికీ అక్కర్లేదు. ఆ తేడా తెలుసుకోడానికి నేను అడిగే ప్రశ్నలు ఇవి.

మొదటిది, ఈ సంబంధం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని రేపు ఎవరైనా అడుగుతారా? రెండోది, అదే జత మళ్ళీ రావచ్చా? మూడోది, ఈ సంబంధం తెగిపోతే ఎవరైనా డబ్బో హక్కో పోగొట్టుకుంటారా? ఒక్కదానికి అవునన్నా ఆ సంబంధానికి పేరుండాల్సిందే.

రెండో ప్రశ్నని చాలామంది పట్టించుకోరు. మధ్య టేబుల్‌కి రెండు ఐడీలూ కలిపి ప్రైమరీ కీ పెట్టేస్తారు. విశాఖ పోర్టులో ఓడనీ బెర్తునీ తీసుకోండి. పెద్ద ఓడ అవుటర్ హార్బర్లో కొంత సరుకు దించి తేలికయ్యాక ఇన్నర్ హార్బరుకి మారొచ్చు. అంటే ఒక్క రాకలో రెండు బెర్తులు. అదే ఓడ మూడు నెలల తర్వాత మళ్ళీ అదే బెర్తుకి వస్తే? ఆ జత అప్పటికే ఉంది, డేటాబేసు ఒప్పుకోదు. లేదా ఎవరో తెలివిగా పాత వరసని అప్‌డేట్ చేస్తారు, పాత రాక చరిత్రలోంచి మాయం. సరుకు విషయంలో ఓడల వ్యాపారం ఈ చిక్కుని ఎప్పుడో తీర్చుకుంది. ఒక ఓడలో పదిమంది దిగుమతిదారుల సరుకు ఉండొచ్చు, ఒక దిగుమతిదారు సరుకు నాలుగు ఓడల్లో రావచ్చు. మధ్యలో ఉన్న కాగితానికి బిల్ ఆఫ్ లేడింగ్ అని పేరు పెట్టారు, నంబరిచ్చారు, దాని మీద అప్పు ఇచ్చేంత, దాన్ని చేతులు మార్చి అమ్ముకునేంత విలువ ఇచ్చారు. కంప్యూటర్లు పుట్టకముందే.

చివరికి మేం ఏం చేశామంటే, బుకింగ్ అనే ఎంటిటీ పెట్టాం. దానికి సొంత ఐడీ. దాన్నుంచి వర్కరుకి ఒక మెనీ-టు-వన్, షిఫ్టుకి ఒక మెనీ-టు-వన్. బుక్ అయిన టైము, చేసినవారు, పని రకం, స్థితి. డిలీట్ అనే మాటే తీసేశాం. టిక్ తీస్తే స్థితి రద్దు అవుతుంది, కారణం అడుగుతుంది. ఒక మనిషి ఒకే షిఫ్టు వేళలో రెండు గోడౌన్లలో ఉండకూడదు కదా, దానికి తేదీనీ వేళనీ కూడా బుకింగ్‌లో రాసి, వర్కరు, తేదీ, వేళ ఈ మూడింటి మీద యూనిక్ ఇండెక్స్ పెట్టాం. రద్దయిన వరసలకి అది వర్తించకూడదు, పోస్ట్‌గ్రెస్‌లో షరతుతో ఇండెక్స్ పెట్టుకోవచ్చు కాబట్టి సులువుగా కుదిరింది. హాజరుకి వేరే టేబుల్. వాచ్‌మన్ రిజిస్టరు ఆ టేబుల్లోకి ఎక్కింది.

ఇలా చేస్తే ఓఆర్‌ఎమ్ తాలూకు చాలా తలనొప్పులు వాటంతటవే పోతాయి. మెనీ-టు-మెనీలో ఒక పక్క యజమాని, ఇంకో పక్క ఉత్త అద్దం. అద్దం వైపు మాత్రమే లిస్టులో చేర్చి సేవ్ కొడితే ఎర్రర్ రాదు, డేటాబేసులోకీ పోదు. బుకింగ్‌లో ఆ గందరగోళం లేదు, వరసే మీ చేతిలో ఉంది. ఇక మెనీ-టు-మెనీ మీద క్యాస్కేడ్ ఆల్ పెట్టేవాళ్ళకి ఒక దణ్ణం. ఓడ వెళ్ళిపోయింది కదాని ఓడ వరసని డిలీట్ చేస్తే కళాసీల్ని కూడా డిలీట్ చేయబోతుంది.

పోని తలనొప్పి ఒకటుంది, ఎన్ ప్లస్ వన్. 40 బుకింగులు తెచ్చి, ఒక్కోదానికీ వర్కర్ పేరు అడిగితే 41 క్వెరీలు. జాయిన్ ఫెచ్ వాడండి. రెండు లిస్టుల్ని ఒకేసారి జాయిన్ ఫెచ్ చేయబోతే హైబర్నేట్ ఎక్సెప్షన్ విసురుతుంది. దాని నోరు మూయించడానికి లిస్టుల్ని సెట్లుగా మార్చే చిట్కా బాగా చలామణిలో ఉంది. ఎక్సెప్షన్ పోతుంది గానీ 40 మంది, 30 సరుకులు ఉంటే డేటాబేసు నుంచి 1,200 వరసలు వస్తాయి. రెండు క్వెరీలుగా విడగొట్టుకోండి, ఏ సిగ్గూ లేదు.

ఇదంతా ఉత్త టెక్నికల్ గోలలాగే ఉంది కదూ? నాకలా అనిపించదు. ఇప్పుడు విశాఖలో బీచ్ రోడ్డు మీదా, ఎంవీపీ కాలనీలోనూ ఫోను చూసుకుంటూ బైకు మీద కూర్చున్న డెలివరీ కుర్రాళ్ళని చూడండి. ఒకవైపు హోటళ్ళు, ఒకవైపు కుర్రాళ్ళు, మధ్యలో ఆర్డరు అనే వరస. రేవులో కళాసీ లెక్కే ఇది కూడా. 2020 సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్ అనే మాటకి చట్టంలో చోటిచ్చింది. కానీ లాగిన్ అయి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఆర్డరు రాక ఎదురుచూసినవాడికి ఏ టేబుల్లో వరస ఉంది? ఆ వరసకి డబ్బు అనే కాలమ్ ఉందా? రేవులో ఆ ఎదురుచూపుకి అటెండెన్స్ అలవెన్స్ అని పేరు పెట్టించుకోడానికి చట్టాలూ సమ్మెలూ కావలసొచ్చాయి.

ఏ వ్యాపారంలో ఎవరికెంత ఇవ్వాలో నిర్ణయించేది మనం కాదు, నిజమే. కానీ దేన్ని రాసుకోవాలి, దేన్ని చెరిపేయొచ్చు అనేది మాత్రం ఏ సోమవారం పొద్దునో మనలాంటి ఇంజనీరొకడు ఒక అనొటేషన్ టైపు చేస్తూ నిర్ణయించేస్తున్నాడు. చాలాసార్లు అది నిర్ణయమని కూడా అతనికి తెలీదు. మీ స్కీమాలో రెండు పేర్ల మధ్య అండర్‌స్కోరు తప్ప సొంత పేరు లేని టేబుల్ కనపడితే ఒక్క నిమిషం ఆగి, అక్కడ నిజంగా జరిగేది ఏంటని ఆ పని చేసే మనిషిని అడగండి. వాళ్ళ దగ్గర దానికి ఎప్పటినుంచో ఒక పేరు ఉండే ఉంటుంది.